ఇల్లు చూడ్డానికొచ్చి భోంచేసి వెళ్ళినవాళ్ళు

“మామ్మా, ఇల్లు అమ్మేస్తున్నావని తెలిసి, సామాను సర్దడానికి సాయం చేద్దామని వస్తే నువ్వేంటి ఇలా పెళ్ళికూతురిలా మురిసిపోతున్నావు? అసలు బేరం ఎలా కుదిరిందో చెప్పు. ఫోన్లో రికార్డు చేసుకుంటాను.”

ఆయ్, చేసుకో, చేసుకో. ఆ ఫోను ఆ బియ్యం డబ్బా మీద పెట్టు, అక్కడైతే పడిపోదు. ఎర్రచుక్క వెలిగిందా? వెలిగితే సరే. నా మాట వినపడుద్దా అంత దూరానికి? వినపడుద్దిలే, నా గొంతు వీధి చివరికి వినపడుద్దని మీ తాత, అదే, మా అన్నయ్య ఎప్పుడూ అనేవాడు.

మురిసిపోక ఏం చెయ్యమంటావే. ఎల్లుండి రాజోల్లో రిజిస్ట్రేషను. డెబ్బై దాటిన ముసల్ది డాబా అమ్ముకుంటూ గంతులేస్తుందేంటని మా పక్కింటి చిట్టెమ్మ నిన్న నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరం తగిలిందేమోనని. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ ఇల్లు అమ్మి చూడు అని ఎవరూ అనలేదు. ఎందుకనలేదో ఇప్పుడు తెలిసింది నాకు. ఆ సరదా పదిమందికీ తెలిసిపోతే అందరూ అమ్మేసుకుంటారని.

ఎందుకు అమ్ముతున్నానంటే... నీకు సుభద్ర వదిన తెలుసు గదా. మా ఆయనకి అక్క. అంతర్వేది దగ్గర ఉంటుంది, పిల్లాజెల్లా లేరు, మా ఆయనలాగే వాళ్ళాయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. నేను కువైట్‌లో వంటకి ఉన్నన్నాళ్ళూ నా కూతుర్ని పెంచింది ఆవిడే. జడ వేసింది, బడికి పంపింది, దానికి మొదటిసారి పరికిణీ ఓణీ వేసిందీ ఆవిడే. అదిప్పుడు రావులపాలెంలో ఉంది గదా, అల్లుడిది అరటిగెలల వ్యాపారం. నాకు ఒక ఫోను చేస్తే ఆ మేనత్తకి రెండు చేస్తుంది. చెయ్యనీ, నాకేం కుళ్ళు లేదు. కొంచెం ఉందిలే.

మా ఇద్దరికీ అష్టాచెమ్మా అంటే పిచ్చి. ఆవిడక్కడ, నేనిక్కడ, ఎలా ఆడతాం? ఫోన్లో ఆడేం. నవ్వకు. ఆవిడ దగ్గరో గడి, నా దగ్గరో గడి గీసుకున్నాం. గవ్వలు ఆవిడ వేసుకుని ఆవిడే చెబుద్ది. వేసినప్పుడల్లా అష్టా పడిందంటుంది. ఏంటి వదినా, నీ గవ్వలకి ఇంకోటి పడ్డం రాదా అంటే, కళ్ళతో చూడనిదానివి నీకెందుకే అనుమానం అంటుంది. అప్పుడే అనుకున్నాను, ఇలా కాదు, ఈవిడ పక్కనే కూర్చుని ఆ గవ్వలు చూడాలని.

ఉగాది ముందు ఆవిడే కబురు చేసింది. ఆవిడింటికి ఆనుకుని చిన్న పెంకుటిల్లు ఉంది, మధ్యన గోడ ఒకటే. ఆ ఇంటాయన కాకినాడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, అమ్మేస్తానన్నాడు. మంగా, వచ్చెయ్యవే, గోడ మీద కొడితే పలుకుతాను అంది. ఆ మాటకి నాకు ఒంట్లో పాతికేళ్ళు తగ్గిపోయాయి. ఆ ఇంటాయన మంచివాడే. ఆషాఢం వచ్చేలోపు బయానా ఇస్తే మీకేనండి, ఆపైన నేను ఆగలేనండి, ఐసు వ్యాపారం చేసే ఆయన చేపల పెట్టెలు పెట్టుకోడానికి అడుగుతున్నాడండి అన్నాడు. నేను బయానా ఇవ్వాలంటే నా డాబాకి నాకు బయానా రావాలి. అదీ సంగతి. ఆషాఢం లోపల ఇది అమ్ముడుపోతే నాకు వదిన, పోకపోతే వదిన పక్కన చేపల పెట్టెలు.

అమ్మాయి ఏమందో తెలుసా. ఎందుకమ్మా ఇప్పుడు ఇదంతా, మా దగ్గరికి వచ్చెయ్యి అంది. నీ దగ్గరికొస్తే అష్టాచెమ్మా ఎవరాడతారే, నీకు ఖాళీ ఏదీ అన్నాను. దానికి లోపల సంతోషమే, ఇద్దరమ్మలూ ఒకచోట ఉంటే పెట్రోలు కలిసొస్తుందని.

సరే, అమ్మాలంటే ముందు ఇల్లు ముస్తాబు చెయ్యాలి గదా. బ్రోకరు సూరిబాబుని పిలిచేను. మనవాడే, ఇక్కడే పుట్టి పెరిగేడు, మాట తీపి. మామ్మగారూ, సున్నం కాదండి, రంగు వెయ్యాలండి, ఇప్పుడంతా రంగు చూసే కొంటున్నారండి అన్నాడు. వేయించేను. లేత పసుపు వెయ్యమంటే ఆ రంగులేసేవాడు బూందీ లడ్డూ రంగు వేసి పోయేడు. చిట్టెమ్మ వచ్చి చూసి, పొద్దున్నే లేవగానే ఆకలేస్తుందే మీ గోడ చూస్తే అంది. అదేదో శకునం అనుకోలేదు నేనప్పుడు.

తరవాత అటక దింపేను. అటక మీద ఏమున్నాయనుకున్నావ్? కువైట్ దుప్పట్లు. పులిబొమ్మలవి. వచ్చినప్పుడల్లా తలా ఒకటి తెచ్చేదాన్ని గదా, అందరికీ ఇచ్చాక మిగిలినవి దాచేను. మన ఊళ్ళో ఆ దుప్పటి కప్పుకునేంత చలి ఎప్పుడేడ్చింది? మాఘమాసంలో కూడా చెమటే. అయినా ఆ రోజుల్లో పులి దుప్పటి లేని ఇంటికి పిల్లనిచ్చేవాళ్ళు కాదు. అబ్బే, ఇచ్చేవాళ్ళులే, ఏదో అంటున్నాను. ఒకటి నువ్వు పట్టుకెళ్ళు.

కొబ్బరిచెట్లెక్కించి కాయలు దింపు తీయించేను, ఎండిన మట్టలు కొట్టించేను. పెరడు తుడిపించేను. ఇంటిముందు ముగ్గు వేసి, ఇంక రండి బాబూ అని కూర్చున్నాను.

వచ్చేరు. మొదట అమలాపురం నించి ఒక పంతులుగారు, ఆయన భార్య, ఆవిడ కూడా పంతులమ్మే. పొద్దున్నే బస్సెక్కి వచ్చేరు. పొద్దున్నే వచ్చినవాళ్ళని ఎంగిలిపడకుండా ఎలా పంపుతాం చెప్పు? పొట్టిక్కలు పెట్టేను. పెరట్లో పనసచెట్టు ఉంది గదా, ఆకులు కోసి, ఈనెలు గుచ్చి బుట్టలు చేసి, పిండి పోసి ఆవిరి మీద పెట్టేను. కొబ్బరి పచ్చడి. ఆ పంతులుగారు ఒక్కో బుట్టా విప్పుకుంటూ మా అమ్మ చేసేదండి ఇలాగ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ మా పనసచెట్టు కింద నించుని, ఇంత మంచి ఆకు మా ఊళ్ళో దొరకదండి అంది. ఇల్లంతా చూసేరు, బాగుందండి, చాలా బాగుందండి అన్నారు. ఇంట్లో మాట్లాడుకుని చెబుతామండి అన్నారు. ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే. ఎవరితో మాట్లాడతారో మరి. మళ్ళీ రాలేదు.

ఆ తరవాత రాజోలు బట్టల కొట్టాయన. మధ్యాహ్నం వచ్చేరు. మధ్యాహ్నం వచ్చినవాళ్ళని అన్నం వేళకి లేపి పంపితే మనం మనుషులమేనా? పనసపొట్టు కూర, ఆవపెట్టి. చింతచిగురు రొయ్యలు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, ధర సంగతి ఎత్తుతారేమోనని నేను గుమ్మం దగ్గర నించుంటే, ఆ రొయ్యల్లో చింతచిగురు ముందు వేస్తారాండీ, దించేముందు వేస్తారాండీ అని అడిగేరు. మళ్ళీ ఆదివారం వాళ్ళావిడని తీసుకొచ్చేరు. ఆపై ఆదివారం బావమరిదిని తీసుకొచ్చేరు, ఆయన వాస్తు చూస్తారని. ఆయన చూసింది వంటిల్లే. ఆగ్నేయం దివ్యంగా ఉందండి అని పీట వేసుకుని కూర్చున్నారు. నేను కొరమీను పులుసు పెట్టేను. ఏం చెయ్యను, ఆదివారం గదా.

ఇలాగ ఎందరు వచ్చేరో. వైశాఖం వెళ్ళిపోయింది. ఒక్కడూ ధర మాట ఎత్తడు. నేను ఎత్తుదామంటే విస్తరి ముందు కూర్చున్నవాళ్ళతో డబ్బు మాటేంటని నాకు నోరు రాదు. తిన్నాకేమో వాళ్ళకి నోరు రాదు. ఆఖరికి సూరిబాబు వచ్చి నా ముందు రెండు చేతులూ జోడించేడు. మామ్మగారూ, మీరు అన్నం పెట్టడం మానెయ్యాలండి అన్నాడు.

అదేంట్రా అన్నాను.

చూడండి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మనవాళ్ళకి చిన్నప్పట్నించీ నూరిపోశారా? ఇల్లు కొనేవాడి పనేంటండి మరి? వాసాలు లెక్కపెట్టడమే. గోడకి ఇక్కడ చెమ్మ ఉంది, అక్కడ బీట ఉంది, ఇంత తగ్గించండి అనాలి గదా. మీ ఉప్పు తిన్నాక ఏ మొహం పెట్టుకుని అంటాడండి? అనలేక, మీరన్న ధర ఇవ్వలేక, ఇంట్లో మాట్లాడి చెబుతామని పారిపోతున్నారండి అన్నాడు. ఆ బట్టల కొట్టాయనైతే సిగ్గుపడి మీ వీధి గుండా రావడమే మానేశారట, చుట్టూ తిరిగి వెళ్తున్నారట అన్నాడు.

నాకు నవ్వాగలేదు. తరవాత గుండె జారిపోయింది. అవును గదా మరి. నా చేత్తో నేనే వండి వండి, వదిన పక్కన చేపల పెట్టెలు పేర్పిస్తున్నాను గదా అనిపించింది. ఆ పూట వదినకి ఫోను చేస్తే, ఆ ఇంటాయన మళ్ళీ అడిగేడే, ఐసాయన వచ్చి గది కొలుచుకుని వెళ్ళేడే అంది. గొంతు చిన్నదైపోయింది పాపం. ఎప్పుడూ గంతులేసే మనిషి.

సరే, ఒట్టు పెట్టుకున్నాను. ఎవరొచ్చినా మంచినీళ్ళే. సూరిబాబు సీసాల్లో నీళ్ళు తెచ్చి పెట్టేడు, గ్లాసుతో ఇస్తే నేను పక్కన ఏదో ఒకటి పెట్టేస్తానని వాడి భయం.

అప్పుడు రావులపాలెం నించి ఒకాయన, వాళ్ళమ్మగారు వచ్చేరు. ఆవిడ నాకన్నా పెద్దది. పన్నెండు దాటింది, ఎండ మండిపోతుంది. పాపం ఆవిడ సీసా నీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి ఒకసారి చూసింది. వంటింటివేపు. నేను తల తిప్పేసుకున్నాను. నా లోపల ఏం జరుగుతుందో నీకు చెప్పలేను. పొయ్యి మీద ముద్దపప్పు ఉంది, కొత్తావకాయ జాడీ మూత తీసి ఉంది. ఆ వాసన ఆవిడకి కొడుతుంది, నాకు తెలుస్తుంది. ఒట్టు మాత్రం ఒట్టే గదా.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఇప్పటికీ అది మంచి ఆలోచనే అంటాను నేను. నా ఇంట్లో పెట్టకూడదు, అంతేగా? చిట్టెమ్మ ఇంట్లో పెడితే? గిన్నెలన్నీ గోడ మీంచి అందించేను. చిట్టెమ్మ వాళ్ళ అరుగు మీద విస్తళ్ళు వేయించేను. వాళ్ళు అక్కడ భోంచేస్తారు, ఉప్పు చిట్టెమ్మ ఖాతా, బేరం నా ఖాతా. సూరిబాబు తల పట్టుకున్నాడు.

ఆవిడ చక్కగా తిన్నది. కొత్తావకాయ ముద్ద మీద ముద్ద. అరుగు మీద కాలవ గాలి వేస్తుంటే స్తంభానికి ఆనుకుని, ఒరే అబ్బాయ్, ఇంత చల్లటి అరుగు నేనెక్కడా చూళ్ళేదురా, ఈ ఇల్లే అడుగు అంది. చిట్టెమ్మ ఇల్లు. అమ్మకానికి లేని ఇల్లు. ఆయన వెంటనే అడిగేశాడు, ధరతో సహా. ఇన్నాళ్ళకి ఒకడు ధర చెబితే అది పక్కింటికి. చిట్టెమ్మ మొగుడు, ఆ సత్తిరాజు, ఎంతన్నారండీ అని కుర్చీ ముందుకి జరిపేడు. చిట్టెమ్మ ఆయన్ని చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. వాళ్ళిద్దరికీ వారం మాటల్లేవు. నాకూ చిట్టెమ్మకీ మాత్రం నవ్వుకోడానికి ఈ జన్మకి సరిపోయింది.

నవ్వేం గానీ, జ్యేష్ఠం సగం అయిపోయింది. నాకు బెంగ పట్టుకుంది. పొద్దున్న లేవడం, క్యాలెండరు చూడ్డం.

అప్పుడు వచ్చింది వరలక్ష్మి. అల్లవరం వేపు నించి, ఒక్కర్తీ, ఆటోలో. నలభై ఐదు ఉంటాయేమో. చెప్పులు విప్పి, ముందే చేతిలో సీసా చూపించింది. పిన్నిగారూ, నీళ్ళు తెచ్చుకున్నానండి. మీరేమీ పెట్టకండి. మీ సంగతి విన్నానండి. మీరు పెడితే నేను తింటాను, తింటే నాకు నోరు పెగలదు. నేను బేరమాడాలండి. ఈ డబ్బు నాకు ఊరికే రాలేదు అంది.

నాకు ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఇల్లు ఎలా చూసిందనుకున్నావ్? గోడల్ని వేలి కణుపుతో కొట్టి చూసింది. స్నానాలగదిలో బకెట్టుడు నీళ్ళు పారబోసి ఎటు పోతున్నాయో వంగి చూసింది. మేడ మీద నీళ్ళు పోసొచ్చి, కింద గదిలో నడుం మీద చేతులు వేసుకుని, పైకి చూస్తూ నించుంది, కారుతుందేమోనని. ప్రతి కిటికీ తెరిచింది, మూసింది. వచ్చినవాళ్ళందరూ బాగుందండి అన్నారు గానీ నా ఇంటిని చూసింది ఆ పిల్లొక్కతే. నేను ఇటిక ఇటికకీ కువైట్ నించి డబ్బు పంపి, వచ్చినప్పుడల్లా ఒక గది లేపి కట్టుకున్న ఇల్లు. దాన్ని ఎవరైనా అలా చూస్తుంటే ఎంత బాగుంటుందో నాకు అప్పటిదాకా తెలీదు.

వంటింట్లో నేల మీద కూర్చున్నాం బేరానికి. సూరిబాబు మధ్యలో. నేనో మాట, అదో మాట. మేడ మీద బీట అంది. అది బీట కాదు, రంగులేసేవాడి చీపురు గీత అన్నాను. పడమటి గుమ్మం తలుపు ఉబ్బింది అంది. వానాకాలం ఉబ్బుద్ది, ఎండాకాలం తగ్గుద్ది, మొగుడి అలక లాంటిదే అన్నాను. కొబ్బరికాయలు ముందే దింపించేశారు గదా, నాకు ఓ దింపు తక్కువే అంది. ఆ సంగతి దానికెలా తెలిసిందో. ఎక్కడా తగ్గదు. నాకు ఉత్సాహం ఆగట్లేదు, చెంపలు వేడెక్కిపోతున్నాయి. ఇంత బేరం ఎక్కడ నేర్చుకున్నావే అన్నాను. కువైట్‌లోనండి, సంతలో, మా మామాకి కూరలు తెచ్చేదాన్ని అంది. అక్కడ ఇంటి యజమానురాల్ని మామా అనాలి గదా.

అంతే. నేను అరబ్బీ ఎత్తుకున్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, తనూ ఎత్తుకుంది. అది ‘గాలీ, గాలీ’ అంటుంది, అంటే చాలా ఖరీదు అని. నేను ‘మాఫీ, మాఫీ’ అంటాను, కుదరదు, లేదు అని. చేతులు తిప్పేస్తూ, తలలు ఊపేస్తూ. ఎన్నేళ్ళయిందే ఆ మాటలు పలికి. సూరిబాబు మొహం చూడాలి. మేం తిట్టుకుంటున్నామనుకుని, అమ్మా, శాంతించండమ్మా, మామ్మగారూ పెద్దవారు మీరు అని ఇద్దరి మధ్యా చేతులు అడ్డం పెడతాడు. మేం పగలబడి నవ్వుతాం, మళ్ళీ మొదలెడతాం.

మధ్యలో దాని కడుపు గుర్రుమంది. మా అందరికీ వినపడింది. పొయ్యి మీద మామిడికాయ పప్పు, రొయ్యల ఇగురు. వండేశాను, ఏం చెయ్యను, ఒట్టు పెట్టడానికే గానీ వండడానికి కాదుగా. తినేసి ఆడదామే అన్నాను. అమ్మో, వద్దండి, ఇంక కొంచెమే ఉంది అని పెదాలు బిగించింది. ఆఖరికి నేను కొంచెం దిగేను, అది కొంచెం ఎక్కింది, మధ్యలో కలిసేం. ‘ఖలాస్’, ఇంక అయిపోయింది అని చేతిలో చెయ్యి వేసింది. బయానా అక్కడికక్కడే ఇచ్చేసింది. సూరిబాబు గోడకి జారబడిపోయేడు.

నేను ముందు వదినకి ఫోను చేశాను. ఏం చెప్పేనో నాకే తెలీదు, ఆవిడకి అర్థమైంది. అవతల నించి గోడ మీద టక్ టక్ మని కొట్టిన చప్పుడు వినిపించింది. అంతే.

ఫోను పెట్టి, లేచి, విస్తళ్ళు తీసి, గరిటె పట్టుకోబోతే వరలక్ష్మి నా చేతిలోంచి గరిటె లాక్కుంది. పిన్నిగారూ, ఇప్పుడీ ఇల్లు నాది గదండీ. మీరు కూర్చోండి. ఇంటికొచ్చినవాళ్ళకి నేను వడ్డించాలి అంది.

కూర్చోమంటే నాకు కూర్చోడం రాలేదే. నించునే ఉన్నాను. పుట్టింట్లో అన్నదమ్ములు తిన్నాక తినేదాన్ని. అత్తారింట్లో అందరూ లేచేక. కువైట్‌లోనైతే వంటింట్లో నించునే, ఎవరైనా పిలుస్తారేమోనని ఒక చెవి అటే పెట్టి తినేసేదాన్ని. మరి ఈ ఇల్లు కట్టుకున్నాక నాకెవరు అడ్డం? ఎవరూ లేరు. అయినా వచ్చినవాళ్ళకి వడ్డించి వడ్డించి, ఒక్కదాన్నీ ఉన్న పూట గిన్నెలోనే కలుపుకుని, పొయ్యి దగ్గరే రెండు ముద్దలు మింగి వచ్చేసేదాన్ని. నా ఇంట్లో నేను విస్తరి ముందు కూర్చున్న రోజు లేదే. నాకు అది అప్పుడు తెలిసింది, అమ్మేశాక.

ఆ పిల్ల నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. విస్తరి వేసింది, నీళ్ళు చిలకరించింది. నేను వండిన పప్పు నాకు వడ్డించింది. నేను వండిన ఇగురు నాకు వడ్డించింది. వంగి, నా మొహంలోకి చూసి, మొహమాటపడకండి పిన్నిగారూ, ఇంకొంచెం వేసుకోండి అంది. ఎన్ని వేలమందితో అని ఉంటానే ఆ మాట. నాతో ఎవరూ అనలేదు. ఏడుపొచ్చేసింది నాకు. ఏడుస్తూ తిన్నాను, తింటూ నవ్వేను. రొయ్యల్లో ఉప్పు తక్కువైంది కూడా. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళు ఒక్కళ్ళూ చెప్పలేదు, చూశావా, వెధవ మర్యాద.

ఆ పూట నాకు కడుపు నిండింది తల్లీ. నువ్వు ఏ ఊళ్ళో ఎంత ఇల్లు కట్టుకుంటావో, కట్టుకో, చల్లగా ఉండు. కానీ పదిమందికి పెట్టే చెయ్యి నీది, నాకు తెలుసు. అంచేత నిన్ను కూడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి, ఇంకొంచెం వేసుకో అని నీ మొహంలోకి చూస్తూ అడగాలి. నాలాగ ఇల్లు అమ్మేదాకా ఆగకుండా, కట్టుకున్న మొదటి రోజే అడగాలి... అదేంటే, నువ్వెందుకు ఏడుస్తావ్. ఊరుకో. ఊరుకో, మా అమ్మే. లే, చెయ్యి కడుక్కుని రా. ఇవాళ నేను నీ పక్కన కూర్చునే తింటాను.